లెక్కలో ఉన్న తుపాకీకేనా తాళం?

2023 అక్టోబరు 9న తెలంగాణ శాసనసభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ప్రవర్తనా నియమావళి (కోడ్) మొదలవగానే గోడల మీద రాతలు చెరిపేశారు, విగ్రహాలకు ముసుగులు వేశారు, చెక్‌పోస్టుల్లో నగదు సంచులు విప్పి చూశారు. ప్రతి ఎన్నికకూ జరిగే ఇంకో తంతు మాత్రం పెద్దగా ఎవరి కంటా పడదు. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళకు ఠాణా నుంచి కబురు వస్తుంది. తుపాకీ, తూటాలు తెచ్చి డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. కొత్త లైసెన్సుల మంజూరు ఆగిపోతుంది. ఆయుధాల దుకాణాల్లో సరుకు తనిఖీ జరుగుతుంది. తుపాకీయే ఠాణాలో ఉన్నప్పుడు తూటాలు కొనేవాడు ఉండడు కాబట్టి, ఎవరూ నిషేధం అని అనకుండానే అమ్మకాలు ఆగిపోతాయి.

ఆ ఎన్నికల లెక్కింపు డిసెంబరు 3న ముగిసింది. 2024 మార్చి 16న లోక్‌సభ షెడ్యూలు వచ్చింది. తెలంగాణలో పోలింగు మే 13న, ఫలితాలు జూన్ 4న. రెండు కోడ్‌ల కాలం కలిపితే, ఎనిమిది నెలల్లో దాదాపు నాలుగున్నర నెలలు ‘అత్యవసరం’ కిందే గడిచాయి. ఇంత తరచుగా వచ్చే అత్యవసరాన్ని పాలనలో మామూలు అలవాటుగా చూసి తూకం వేయాలి. చట్టబద్ధంగా కొన్న ఆయుధాన్ని, తూటాను ఇలా గంపగుత్తగా కట్టడి చేయడం సబబేనా అన్నదే ఈ సమీక్ష. హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల నుంచి చూస్తే ఈ ప్రశ్నకు అన్ని వైపులా కనిపిస్తాయి.

ఇక్కడ తుపాకీ ఎవరి దగ్గర ఉంటుంది?

నాగపూర్ హైవే మీద మేడ్చల్, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ ఈ నేల మీద ఇప్పుడు గోడౌన్లు, వెంచర్లు, జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, అవుటర్ రింగురోడ్డు కూడళ్ళు, ఎత్తయిన గోడల ఫాంహౌస్‌లు ఉన్నాయి. హకీంపేటలో వైమానిక స్థావరం ఉంది. దిగువన అల్వాల్, బొల్లారం వైపు మాజీ సైనికులు ఎక్కువ. అంతాయిపల్లిలో మేడ్చల్-మల్కాజిగిరి కలెక్టరేటు ఉన్నా, కమిషనరేటు పరిధిలో తుపాకీ లైసెన్సు ఇచ్చేది కలెక్టరు కాదు, పోలీసు కమిషనరు.

ఇలాంటి చోట లైసెన్సు తుపాకీ ఉండేవాళ్ళు నాలుగు రకాలు. తాతల నాటి డబుల్ బ్యారెల్‌ను వారసత్వంగా ఉంచుకున్న పాత భూస్వామి కుటుంబాలు ఒకటి. ఆత్మరక్షణ పేరుతో .32 రివాల్వర్ తీసుకున్న వ్యాపారులు, రియల్టర్లు, నాయకులు రెండు. సొంత తుపాకీ ఉంటేనే ఉద్యోగం దొరికే గార్డులు మూడు. వీళ్ళలో మాజీ సైనికులే ఎక్కువ. నాలుగోవాళ్ళు క్రీడాకారులు. ఈ నలుగురి అవసరాలు ఒకటి కావు, వీళ్ళ వల్ల ఉండే ప్రమాదమూ ఒకటి కాదు. డిపాజిట్ ఉత్తర్వు మాత్రం అందరినీ ఒకే గాటన కడుతుంది. బ్యాంకు గార్డులకు, పోటీల్లో పాల్గొనే షూటర్లకు మినహాయింపు ఉంది. కానీ గోడౌను గేటు దగ్గర కూర్చునే గార్డుకు అది వర్తిస్తుందో లేదో తేలేలోగా ఆ నెల జీతం పోతుంది.

లైసెన్సు తేలిగ్గా దొరికేదీ కాదు. దరఖాస్తు మీద పోలీసు విచారణ జరుగుతుంది. శిక్షణ ధ్రువపత్రం ఉండాలి. జాతీయ డేటాబేసులో విశిష్ట సంఖ్య ఉండాలి. 2019 సవరణతో ఒక్కొక్కరికి మూడు తుపాకులకు బదులు రెండే మిగిలాయి. మూడోది అప్పజెప్పడానికి 2020 డిసెంబరు దాకా గడువిచ్చారు. వివాహాల్లో గాల్లోకి కాల్చినా రెండేళ్ళ దాకా జైలు పడవచ్చు. సొంత తుపాకీని మరొకరికి అమ్మాలంటే 45 రోజుల ముందే అధికారులకు తెలపాలి. ఏ దుకాణంలో ఏ తేదీన ఎన్ని తూటాలు కొన్నదీ లైసెన్సు మీదకు ఎక్కుతుంది. పేరు, చిరునామా, నంబరు, తూటాల లెక్కతో సహా సర్కారుకు తెలిసిన ఆస్తి ఇంతకన్నా మరొకటి ఉండదేమో.

పాత భయాల వారసత్వం

మన ఆయుధ చట్టం మూలాలు 1857 తిరుగుబాటు తర్వాతి భయంలో ఉన్నాయి. 1878లో లిట్టన్ హయాంలో వచ్చిన చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను మినహాయించింది. జాతీయోద్యమం దాన్ని అవమానంగానే చూసింది. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ అలాంటి సవరణే ప్రతిపాదించాడు. అంబేద్కర్ అంగీకరించలేదు. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరని రోజులవి. కాబట్టి భారతదేశంలో తుపాకీ రాజ్యాంగ హక్కు కాదు. 1959 చట్టం ఇచ్చిన షరతులతో కూడిన అనుమతి అది. ఈ చర్చలో అమెరికా వాదాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోవడం కుదరదు.

తెలంగాణ అనుభవం మరింత చేదు. 1948 సెప్టెంబరుకు ముందు రజాకార్ల తుపాకులు, గడీల నుంచి సాయుధ పోరాట దళాలు లాక్కున్న తుపాకులు, సైనిక చర్య తర్వాత ఆయుధాలు అప్పజెప్పమని వెంటపడిన ప్రభుత్వం: ఇవన్నీ ఈ నేల చూసింది. ఆ తర్వాత నక్సలైట్ల కాలంలో ఊళ్ళలోని లైసెన్సు తుపాకులే దళాలకు సులువుగా దొరికే ఆయుధాలయ్యాయి. అటువైపు రాయలసీమ ముఠాకక్షల్లో లైసెన్సు తుపాకీ హోదాకు గుర్తయింది. పోలీసులకు గంపగుత్త డిపాజిట్ అలవాటు గాల్లోంచి ఊడిపడలేదు. ఆ కాలపు ఠాణాలో పనిచేసిన ఏ అధికారినడిగినా దానికి కారణం చెప్పగలడు.

కట్టడి వైపు వాదన

కట్టడిని సమర్థించేవాళ్ళ వాదనను తక్కువ చేసి చెబితే సమీక్ష అనిపించుకోదు. మొదటిది, లైసెన్సు ఉన్నంత మాత్రాన చేయి అదుపు తప్పదని కాదు. 2020 డిసెంబరులో ఆదిలాబాద్ తాటిగూడలో ఒక రాజకీయ నాయకుడు తన లైసెన్సు తుపాకీతోనే ప్రత్యర్థుల మీద కాల్చాడు. గాయపడినవారిలో ఒకరు చనిపోయారు. పాత కక్షలూ పోటీలూ మరిగే రోజుల్లో ఇది మళ్ళీ జరగదని ఎవరు హామీ ఇవ్వగలరు?

రెండోది, లైసెన్సు జారీయే కలుషితమైన చోట్లు ఉన్నాయి. జమ్మూకశ్మీర్‌లో 2012-16 మధ్య ఇచ్చిన రెండున్నర లక్షలకు పైగా లైసెన్సుల మీద సీబీఐ దర్యాప్తు జరిగింది. మూడోది అన్నింటికన్నా బలమైనది: తూటా. నాటు తుపాకీని ఏ కొలిమిలోనైనా తయారు చేయవచ్చు. నాణ్యమైన తూటా మాత్రం ఫ్యాక్టరీ నుంచే రావాలి. అంటే అక్రమ తుపాకీలోకి వెళ్ళే తూటా చాలాసార్లు సక్రమ దుకాణం గుమ్మం దాటి వచ్చినదే. 2022 ఆగస్టులో, స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు, ఢిల్లీ పోలీసులు రెండు వేలకు పైగా తూటాలు పట్టుకున్నారు. ఆరా తీస్తే దారి డెహ్రాడూన్‌లోని ఒక ఆయుధాల దుకాణానికి చేరింది.

మరి లైసెన్సుదారులను అనుమానించడం తప్పెలా అవుతుంది? అనుమానం తప్పు కాదు. అయితే పైన చెప్పిన మూడు ఉదాహరణలకూ మందు వేరువేరు. ఆదిలాబాద్ లాంటి కేసుకు ఆ మనిషి చరిత్రను ముందే చూడటం మందు. కశ్మీర్ కుంభకోణానికి జారీ దశలో విచారణ మందు. డెహ్రాడూన్ తూటాలకు దుకాణం రిజిస్టరును, సరుకును ఏడాది పొడవునా సరిచూడటం మందు. అందరి తుపాకులకూ కొన్నాళ్ళు తాళం వేయడం ఈ మూడింటిలో దేనికీ మందు కాదు. కోడ్ ముగిశాక ఆ మనిషి చేతికి తుపాకీ తిరిగి వస్తుంది, దుకాణం లెక్క మునుపటిలాగే ఉంటుంది.

తూటా ఎటు నుంచి పేలుతోంది?

హైదరాబాద్ చుట్టుపక్కల ఇటీవలి కాల్పుల్ని గుర్తు చేసుకుందాం. 2022 మార్చి 1న ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో ఇద్దరు రియల్టర్లను కాల్చి చంపారు. వాడినవి నాటు తుపాకులు. అదే ఏడాది డిసెంబరు 1న నాగోలు స్నేహపురిలో నగల దుకాణంలోకి చొరబడి కాల్పులు జరిపారు. 2025 జనవరిలో బీదర్‌లో ఏటీఎం నగదు దోచి వచ్చిన దుండగులు అఫ్జల్‌గంజ్‌లో కాల్చారు. ఫిబ్రవరి 1న గచ్చిబౌలి పబ్బులో ఒక పాత నేరస్థుడు పోలీసుల మీదే కాల్చాడు. అతని తుపాకులు బిహార్ నుంచి వచ్చినవని తేలింది. ఆగస్టులో చందానగర్ నగల షోరూములో పట్టపగలు తుపాకులతో దోపిడీకి దిగారు. వీళ్ళెవరూ కోడ్ వచ్చిందని తుపాకీ డిపాజిట్ చేసి రసీదు తీసుకునే రకం కాదు.

ఇక మన రెండు ఊళ్ళ సంగతి. 2024 జూన్‌లో మేడ్చల్‌లో నగల దుకాణంలోకి వచ్చిన ఇద్దరిలో ఒకడు బురఖా వేసుకున్నాడు, ఇంకొకడు హెల్మెట్ పెట్టుకున్నాడు. వాళ్ళు వాడింది కత్తి. 2023 జులైలో శామీర్‌పేటలో ఒక విల్లాలో కాల్పులన్న వార్త టీవీ చానళ్ళను ఊపేసింది. తీరా చూస్తే అది ఎయిర్‌గన్. నిర్ణీత శక్తికి, 4.5 మిల్లీమీటర్ల బోరుకు లోబడిన ఎయిర్‌గన్‌కు లైసెన్సే అక్కర్లేదు. శామీర్‌పేటలో వార్తకెక్కిన కాల్పులకు డిపాజిట్ ఉత్తర్వుతో సంబంధమే లేదన్నమాట.

ఇది హైదరాబాద్‌కే పరిమితం కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లైసెన్సు ఉన్న, లేని తుపాకులతో జరిగిన హత్యలను విడివిడిగా చూపుతుంది. లైసెన్సు లేనివాటితో జరిగేవే ఏటా అత్యధికం. 2016 చివరికి దేశంలో సుమారు 33.69 లక్షల లైసెన్సులుంటే, అందులో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. ఆ రాష్ట్రపు కేసులోనే 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తనంతట తాను విచారణ చేపట్టింది. కోర్టును కలవరపెట్టింది లైసెన్సు లేని తుపాకుల బెడద. మన ఠాణాలు మాత్రం ‘దొరికినవాడే దొంగ’ అన్న సామెతను తలపిస్తాయి. చిరునామా తెలిసినవాడిని పిలిపించడం తేలిక, చిరునామా లేని తుపాకీని వెతకడం కష్టం. డిపాజిట్ అయిన తుపాకుల సంఖ్యను ప్రెస్ నోటులో పెడితే పని జరిగినట్టే కనిపిస్తుంది.

చట్టం ఏమంటోంది?

గంపగుత్త కట్టడికి చట్టంలో ఎంత చోటుంది? నిజమైన అత్యవసరానికి 1959 చట్టమే దారి చూపింది. 1983లో చేర్చిన 24ఎ, 24బి సెక్షన్ల కింద ఏదైనా ప్రాంతంలో శాంతిభద్రతలు చెదిరితే, కేంద్రం గెజిట్ ప్రకటన ద్వారా, ఫలానా ఆయుధాలు, ఫలానా కాలం అని పేర్కొని కట్టడి చేయవచ్చు. మామూలు రోజుల్లో 17వ సెక్షన్ ఉంది. ప్రజాశాంతికి, భద్రతకు అవసరమైతే లైసెన్సును సస్పెండ్ చేయవచ్చు, కానీ కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. దాని మీద అప్పీలు ఉంది. కారణం, కాలం, అప్పీలు అన్నవి చట్టం పెట్టిన మూడు కంచెలు. ఎవరి పేరూ లేని సాధారణ ఉత్తర్వు ఈ మూడింటినీ ఒకేసారి దాటేస్తుంది.

2009లో గోవాకు చెందిన కేసులో బొంబాయి హైకోర్టు దీనికి ఒక పద్ధతి చెప్పింది. ఎన్నికలప్పుడు స్క్రీనింగ్ కమిటీ ఒక్కో లైసెన్సుదారు చరిత్రను చూడాలి, అవసరమైనవాళ్ళకే నోటీసు ఇవ్వాలి, ఫలితాల తర్వాత వారం తిరిగేసరికి తుపాకీ తిరిగి ఇవ్వాలి. ఎన్నికల సంఘం మార్గదర్శకాలు కూడా బెయిలు మీద ఉన్నవాళ్ళు, నేర చరిత్ర ఉన్నవాళ్ళు, గత ఎన్నికల్లో అల్లర్లకు పాల్పడ్డవాళ్ళు అంటూ రకాలు చెబుతాయి. అయినా ఉత్తరప్రదేశ్‌లో ఉత్తర్వులు గంపగుత్తగానే వస్తూ ఉంటే, 2024 మార్చిలో అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచి ఇదే మాట మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఒకే న్యాయం పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ చెప్పించుకుంటోందంటే, లోపం చట్టంలో లేదు, ఠాణా అలవాటులో ఉంది.

ఆయుధాలతో సంబంధం లేని 2020 జనవరి నాటి అనురాధా భసీన్ తీర్పు కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. 144 సెక్షన్ ఉత్తర్వులు అవసరానికి మించకూడదని, ప్రచురించాలని, సమీక్షకు నిలబడాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ఆ సెక్షన్ స్థానంలో నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ వచ్చింది, న్యాయం మారలేదు. న్యాయశాస్త్రం బోధించే నల్సార్ శామీర్‌పేటలోనే ఉంది. దాని గేటు ముందు నుంచే తుపాకీ పట్టుకుని ఠాణాకు వెళ్ళే మనిషి చేతిలో మాత్రం కారణం రాసిన కాగితం ఉండదు.

పద్ధతి ప్రకారం చేయడం పోలీసులకు రాదని కాదు. 2024 డిసెంబరులో జల్‌పల్లిలో ఒక సినీ కుటుంబం గొడవ వీధికెక్కినప్పుడు రాచకొండ పోలీసులు ఆ ఇంటివాళ్ళ లైసెన్సు తుపాకుల్నే డిపాజిట్ చేయమన్నారు. నగరంలో ఉన్న మిగతా లైసెన్సుదారుల జోలికి పోలేదు. మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి కట్టడి అంటే ఇదే.

బయటి దేశాల పాఠం

కోవిడ్ మొదలైన 2020 మార్చిలో అమెరికాలో తుపాకుల దుకాణాలు అత్యవసరమా కావా అన్నది పెద్ద రగడ అయింది. లాస్ ఏంజెలెస్ కౌంటీ షెరీఫ్ మూయమన్నాడు. ఫెడరల్ ప్రభుత్వం వాటిని అత్యవసర జాబితాలో చేర్చాక వెనక్కి తగ్గాడు. న్యూజెర్సీలోనూ మూసిన దుకాణాలు తెరుచుకున్నాయి. ఆ ఒక్క నెలలో ఎఫ్‌బీఐ చేసిన నేపథ్య తనిఖీలు 37 లక్షలు దాటాయి. మూస్తారన్న వదంతే జనాన్ని క్యూల్లో నిలబెట్టింది. 2005లో కత్రినా తుఫాను తర్వాత న్యూ ఆర్లియన్స్ పోలీసులు ఇంటింటా తుపాకులు లాక్కుంటే, అవి తిరిగి రావడానికి ఏళ్ళు పట్టింది. మరుసటి ఏడాదే అమెరికా కాంగ్రెస్ అలాంటి జప్తులను నిషేధించింది. 2023 సెప్టెంబరులో న్యూమెక్సికో గవర్నరు ఆరోగ్య అత్యవసరం పేరుతో ఆల్బుకర్క్‌లో తుపాకీ పట్టుకు తిరగడాన్ని ఆపితే, రోజుల్లోనే కోర్టు నిలిపేసింది. మన దగ్గర అదే కోవిడ్ లాక్‌డౌనులో ఆయుధాల దుకాణాలు మిగతా షాపులతో పాటు మూతపడితే ఎవరూ కిక్కురుమనలేదు. రెండు సమాజాలూ అంత వేరు. అమెరికా తుపాకులకు బలైన మన పిల్లల శవపేటికల కోసం శంషాబాద్‌లో ఎదురుచూసిన కుటుంబాలకు ఆ దేశపు స్వేచ్ఛ ఆదర్శంగా కనిపించదు, కనిపించనక్కర్లేదు.

కట్టడికి మంచి ఉదాహరణ న్యూజిలాండ్. 2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది హత్యకు గురైన తర్వాత వారం తిరగకుండానే ప్రభుత్వం కొన్ని రకాల తుపాకుల అమ్మకాన్ని ఉత్తర్వుతో ఆపింది. చట్టం వచ్చేలోగా జనం కొని దాచుకోకుండా ఉండటానికే ఆ తొందర. ఏప్రిల్‌లో పార్లమెంటు ఒక్క ఓటు తప్ప అందరి మద్దతుతో చట్టం చేసింది. అప్పజెప్పినవాళ్ళకు డబ్బు చెల్లించింది. అత్యవసర కట్టడికి ఉండాల్సిన లక్షణాలన్నీ అందులో ఉన్నాయి: ఫలానా ఆయుధం, కొద్ది రోజులు, వెంటనే చట్టసభ ముందుకు, నష్టపోయినవాడికి పరిహారం. మన డిపాజిట్ ఉత్తర్వులో ఇవేవీ లేవు.

ఖర్చు ఎవరిది?

ఠాణాలోని మాల్‌ఖానాను ఒక్కసారి చూస్తే చాలు. ప్రమాదానికి గురైన బైకుల విడిభాగాలు, గుడుంబా కేసుల డబ్బాలు, సీలు వేసిన మూటల పక్కన అట్టముక్క చీటీ కట్టిన తుపాకులు నిలబెట్టి ఉంటాయి. తుపాకీ ఇనుమును తడిగుడ్డతో కాదు, నూనె గుడ్డతో తుడవాలి. చేతి చెమట అంటిన చోటే మొదట తుప్పు పడుతుంది. నెలల తరబడి విప్పని నాళంలో గుంటలు పడితే ఆ తుపాకీ పేల్చేవాడికే ప్రమాదం. చట్టం 21వ సెక్షన్ తుపాకీని లైసెన్సు ఉన్న డీలరు దగ్గర దాచే వీలు ఇచ్చింది. అలా చేస్తే శుభ్రం చేసేవాడూ ఉంటాడు, దుకాణానికి నాలుగు రూపాయలూ వస్తాయి. ఠాణా కబుర్లలో ఈ వీలును గుర్తు చేసేవాళ్ళు అరుదు.

క్రీడాకారుల సంగతి మరోలా ఉంటుంది. లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచినప్పటి నుంచి ఈషా సింగ్ దాకా హైదరాబాద్ షూటింగుకు పేరు తెచ్చింది. 25 మీటర్ల పిస్టల్‌కు .22 తూటా కావాలి. ట్రాప్ షూటర్‌కు ఒక్క పోటీలోనే గాల్లోకి ఎగిరే 125 మట్టి బిళ్ళలు గురి. సాధనకు తూటాలు వేలల్లో ఖర్చవుతాయి. కాగితం మీద మినహాయింపు ఉన్నా, జాతీయ స్థాయికి ఇంకా ఎదగని కుర్రాడికి ఆ కాగితం ఉండదు. నెల రోజుల సాధన పోతే ఆ సీజనే పోతుంది.

అన్నింటికన్నా పెద్ద ఖర్చు పోలీసులదే. ఎన్నికల వేళ చేతినిండా పని ఉన్న ఠాణాలో కానిస్టేబుళ్ళు లైసెన్సు జాబితా పట్టుకుని ఫోన్లు చేస్తూ, రసీదులు రాస్తూ, తూటాలు లెక్కపెడుతూ కూర్చుంటారు. ఆ గంటలన్నీ రైలు సామానులో, లారీ సీటు కింద వచ్చే నాటు తుపాకీని వెతికే పనిలోంచి తీసినవే.

చేయవలసింది

గంపగుత్త కట్టడిని వ్యతిరేకించడమంటే తుపాకీని కీర్తించడం కాదు. ఊళ్ళో తుపాకులు తక్కువ ఉండటమే మంచిదనుకునే మనిషి కూడా ఈ పద్ధతిని తప్పుపట్టవచ్చు. లైసెన్సు ఇచ్చేటప్పుడు గట్టిగా వడపోయాలి. అయిదేళ్ళకోసారి రెన్యువల్ అప్పుడు అవసరం ఇంకా ఉందా అని నిజంగా అడగాలి. హోదా కోసం తీసుకున్న రివాల్వర్లు చాలావరకు అక్కడే తేలిపోతాయి. దుకాణాల్లో తూటాల రిజిస్టరును కోడ్ ఉన్నా లేకపోయినా సరుకుతో సరిపోల్చాలి. ఒకే లైసెన్సు మీద అలవాటుకు మించి తూటాలు అమ్ముడైతే వెంటనే ఆరా తీయాలి.

ఎన్నికలకు ముందే ప్రతి కమిషనరేటులో స్క్రీనింగ్ జాబితా సిద్ధంగా ఉండాలి. ఆ జాబితాలో పేరున్నవాడికి కారణం, గడువు, అప్పీలు చేసుకునే చోటు రాసిన కాగితం అందాలి. డీలరు దగ్గర దాచుకునే వీలు అందులోనే చెప్పాలి. వాపసు తేదీ దాటితే జవాబుదారీ ఠాణాదే కావాలి. నిజంగానే ఒక ప్రాంతం అట్టుడికితే 24ఎ సెక్షన్ ఉండనే ఉంది. బాధ్యత తీసుకుని గెజిట్‌లో ప్రకటించవచ్చు.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న చట్టాన్ని, వచ్చిన తీర్పుల్ని ఠాణా దాకా దించితే చాలు. మేడ్చల్ చెక్‌పోస్టు దాటి వచ్చే నాటు తుపాకీకి రసీదు పుస్తకం అడ్డురాదు. దారి కాసి వెతికే పోలీసే అడ్డురావాలి. వచ్చే ఎన్నికకు కమిషనర్లు ఆ పోలీసును ఏ పనికి కేటాయిస్తారో చూడాలి.